రెండు వేల లైన్లు, ఒక ఉప్మా

సంచిక బాధ్యత చూస్తున్న తమ్ముళ్ళు ఫోన్ చేసి, "అన్నా, మీరు నలుగురూ సాఫ్ట్‌వేర్ వాళ్ళే కదా, పిల్లలకు పనికొచ్చేది ఏదైనా రాయండి" అన్నారు. నలుగురం కాదు, ముగ్గురమే. నాలుగోవాడు జూనియర్ కాలేజీలో లెక్కలు చెబుతున్నాడు. అయినా ఆరో నెంబరు గది సంగతి రాయాలంటే నలుగురం కలిసే రాయాలి కాబట్టి ఇది అందరం కూర్చుని రాసినదే. ఉద్యోగం ఎలా తెచ్చుకోవాలో చెప్పే వ్యాసాలు ఈ సంచికలో వేరే ఉంటాయి. మేము మాత్రం ఒక చిన్న ప్రోగ్రాం గురించి రాస్తున్నాం. దాని మీద మేము 2009 నుంచి పోట్లాడుకుంటున్నాం. ఇంకా తేలలేదు.

పాత మిత్రులకు ఆరో నెంబరు గది గుర్తుండే ఉంటుంది. నీళ్ళ ట్యాంకు పక్కది. వానొస్తే కిటికీ వైపు వాళ్ళు పక్కలు చుట్టుకుని గోడ వైపుకు జరగాల్సిందే. ఉండేది పదిమంది. ఒక్కొక్కడికి ఒక ట్రంకు పెట్టె, ఒక ప్లేటు, ఒక గ్లాసు. ఆ పదిమందిలో బీఎస్సీ కంప్యూటర్స్ చదివేవాళ్ళం నలుగురం. కంప్యూటర్స్ అంటే కాలేజీ ల్యాబ్‌లో వారానికి రెండు గంటలు, ఒక్కో యంత్రం ముందు ముగ్గురు చొప్పున, టర్బో సి నీలం తెర. ప్రోగ్రాములు రికార్డులో రాయడమే తప్ప నడిపి చూసింది తక్కువ.

2009 జూలైలో మన హాస్టల్ పూర్వ విద్యార్థి ఒకాయన తన ఆఫీసులో తీసేసిన కంప్యూటర్‌ను ఆటోలో వేసుకొచ్చి వార్డెన్ గారికి అప్పగించారు. పెంటియం 4, ర్యామ్ 256 ఎంబీ. మౌస్ ఎటు జరిపినా బాణం కిందికే పోయేది. వార్డెన్ గారు మమ్మల్ని పిలిచి, "మీరు కంప్యూటర్ వాళ్ళు కదరా, మీ గదిలో పెట్టుకోండి. పాడైతే మాత్రం నా దగ్గరకు రాకండి" అన్నారు. అందులో ఉన్న సిస్టం నిండా వైరస్‌లే. ఒక పత్రికతో వచ్చిన సీడీలో నుంచి డెబియన్ లైనక్స్ ఎక్కించాం. గ్నోమ్ అనే నిండైన డెస్క్‌టాప్ వచ్చింది. చూడ్డానికి పెళ్ళిపందిరిలా ఉంది గాని మా యంత్రానికి అది మోయలేని బరువు. ఒక ఫైలు తెరవమంటే, ఒకడు వెళ్ళి బకెట్ నీళ్ళు పట్టుకొచ్చే లోపు తెరిచేది.

అప్పుడు ఎంసీఏ చదువుతున్న సీనియర్ అన్న ఒకరు సంగతి విని, "మెషీన్ పెంచలేకపోతే ప్రోగ్రాం తగ్గించండ్రా" అని ఒక చీటీ మీద మూడు అక్షరాలు రాసిచ్చాడు. డిడబ్ల్యూఎం. జర్మనీకి చెందిన ఆన్సెల్మ్ గార్బె 2006లో మొదలుపెట్టిన విండో మేనేజర్ అది. తెర మీద కిటికీలు ఎక్కడ ఉండాలో, ఏది ముందుకు రావాలో చూసుకోవడమే దాని పని. ఇంకేమీ చేయదు. మొత్తం ప్రోగ్రాం రెండు వేల లైన్లు ఎప్పుడూ దాటకూడదని రాసినవాళ్ళే నియమం పెట్టుకున్నారు.

బస్టాండు దగ్గరి నెట్ సెంటర్‌కు వెళ్ళాం. దిగుమతి చేసుకోవాల్సింది ఇరవై కిలోబైట్ల చిల్లర. రెండు సెకన్లు పట్టింది. గంటకు 15 రూపాయలు కట్టాం కాబట్టి మిగతా సమయమంతా దాని గురించి వాళ్ళు రాసుకున్నది చదివాం. సెట్టింగులు మార్చే బొమ్మలూ మీటలూ ఏమీ లేవు, ఏది మార్చాలన్నా సోర్స్ కోడ్ తెరిచి మార్చి మళ్ళీ కంపైల్ చేసుకోవాల్సిందే. అందువల్ల వాడేవాళ్ళు తక్కువగా, ఎలైట్‌గా ఉంటారని, కొత్తవాళ్ళ తెలివితక్కువ ప్రశ్నలు తప్పుతాయని అందులో కొంటెగా రాసి ఉంది. ఎలైట్ అంటే ఏమిటో గదికొచ్చి నిఘంటువు తీశాం. ఉన్నత వర్గం అని ఉంది. సాంఘిక సంక్షేమ హాస్టల్ ఆరో నెంబరు గదిలో ఉన్నత వర్గం! ఆ రాత్రి భోజనాల దగ్గర ఒకరికొకరం "ఉన్నత వర్గం వారూ, ఇంకొంచెం చారు పోయమంటారా" అని ఒకటే నవ్వులు. దాని లైసెన్సు కాగితం కూడా చదివాం. అరపేజీ లేదు. ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, పంచుకోవచ్చు. వర్గం సంగతి అందులో ఎక్కడా లేదు.

కంపైల్ చేస్తే మొదటి లైన్‌లోనే ఆగింది. ఎక్స్‌లిబ్ హెడర్ ఫైలు లేదట. మళ్ళీ నెట్ సెంటర్. ఆ ఒక్కటి కావాలంటే అది ఇంకో నాలుగు అడిగింది, ఆ నాలుగూ మరికొన్ని అడిగాయి. పెళ్ళికొడుకును రమ్మంటే ఊరంతా బస్సెక్కినట్లు. మూడు రోజులు తిరిగాం. చివరికి సినెరామా అనేదొకటి మిగిలింది. అది రెండు మూడు మానిటర్లు ఉన్నవాళ్ళ కోసమట. మనకు ఉన్నది ఒక్కటే. కావలసినవారు ఉంచుకోండి, అక్కర్లేనివారు ఈ రెండు లైన్లూ మూసేయండి అన్నట్లు ఫైలులోనే విడిగా పెట్టారు. మూసేశాం. కంపైల్ అయింది. నడిపితే తెర మీద ఏమీ లేదు. పైన సన్నటి పట్టీ, అందులో 1 నుంచి 9 దాకా అంకెలు, అంతే. చెడిపోయిందనుకుని అరగంట తలలు పట్టుకున్నాం. అది చెడిపోవడం కాదు, అదే దాని ముఖం!

ఆల్ట్, షిఫ్ట్, ఎంటర్ కలిపి నొక్కితే ఒక కిటికీ వచ్చి తెరంతా పరుచుకుంది. రెండోది తెరిస్తే మొదటిది జరిగి సగం చోటు ఇచ్చింది. మూడోది వస్తే కుడి వైపు సగాన్ని రెండూ పంచుకున్నాయి. ఒకదాని మీద ఒకటి ఎక్కడం లేదు. జూన్‌లో కొత్తవాళ్ళు చేరినప్పుడు పక్కలు సర్దుకోవడం తెలిసిన మాకు ఇది ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేదు. మౌస్ అవసరమే లేదు. ఎంత జ్ఞాపకం పట్టిందో చూస్తే, అన్నీ కలిపి నలభై ఎంబీ లోపే. మిగతాదంతా మాదే.

యూనిక్స్ కథ పరీక్ష కోసం అంతకుముందే చదివాం. 1969లో బెల్ ల్యాబ్స్‌లో, పెద్దగా ఎవరూ వాడని ఒక పీడీపీ-7 యంత్రం మీద కెన్ థాంప్సన్ మొదలుపెట్టారని, డెన్నిస్ రిచీ తోడయ్యారని, 1973లో సి భాషలో తిరగరాశారని. ఐదు మార్కుల ప్రశ్న. ఎవరూ వాడని యంత్రం అన్న మాట మాత్రం మా గదికి అలాంటిదే వచ్చాక తలకెక్కింది. ఆ యంత్రంలో ఉన్నది 18 బిట్ల మాటలు ఎనిమిది వేల చిల్లర. లెక్కేస్తే 18 కిలోబైట్లు. మా 256 ఎంబీ దానికి పద్నాలుగు వేల రెట్లకు పైనే! ఈ లెక్క వేసిన రోజు నుంచి మా కంప్యూటర్‌ను పాతది అనడం మానేశాం.

చోటు లేదు కాబట్టి వాళ్ళు ప్రోగ్రాములు చిన్నవిగా రాశారు. ఒక్కో ప్రోగ్రాం ఒక్క పని చేస్తే చాలు, ఒకదాని ఫలితం ఇంకొకదానికి గొట్టంలో నీళ్ళలా అందితే సరి అన్నది డగ్ మెకిల్‌రాయ్ ఆలోచన. 1973లో ఆ పైపు యూనిక్స్‌లోకి వచ్చింది. వార్డెన్ గారు నెలాఖరున మెస్ రిజిస్టరు ముందేసుకుని ఎవరు ఎన్ని పూటలు తిన్నారో వేళ్ళ మీద లెక్కపెట్టేవారు. మేము రోజూ తిన్నవాళ్ళ రోల్ నెంబర్లు ఒక ఫైలులో ఎక్కించాం. వరసలో పెట్టేది ఒక ప్రోగ్రాం, ఒకేలా ఉన్నవి లెక్కించేది ఇంకొకటి, ఎక్కువ నుంచి తక్కువకు మళ్ళీ వరస పెట్టేది మొదటిదే. మధ్యలో నిలువు గీతలు. ఒక్క లైన్‌లో జాబితా వచ్చేసింది. వార్డెన్ గారు కళ్ళజోడు సర్దుకుని, నమ్మకం లేక, ఆ నెల చేత్తో కూడా లెక్కపెట్టారు. రెండు చోట్ల తేడా వచ్చింది. రెండూ ఆయన వైపు పొరపాట్లే. ఇది ఇప్పుడు రాయొచ్చుననుకుంటున్నాం, సార్ క్షమించాలి.

ఇక్కడిదాకా పోట్లాట లేదు. పోట్లాట ఉప్మాతో మొదలైంది.

పైన చెప్పిన సన్నటి పట్టీకి కుడి చివర మనకిష్టమైన మాట ఏదైనా కనబడేలా పెట్టుకోవచ్చు. అందరూ టైము పెట్టుకుంటారు. మాకు టైము కన్నా ముఖ్యమైనది టిఫిన్ ఏమిటన్నది. "నేడు: ఉప్మా, చట్నీ" అని తెలుగులో పెట్టాం. ఖాళీ డబ్బాలు వరుసగా వచ్చాయి. దేశికాచార్యులు గారి పోతన 2000 ఫాంటు ఎక్కించి టెర్మినల్‌లో చూస్తే డబ్బాలు పోయి అక్షరాలు వచ్చాయి గాని, ఉప్మా ఉప్మాగా లేదు. ప ఒక చోట, పొల్లు ఒక చోట, మ ఒక చోట, దీర్ఘం వేరే. ఒంట్లో ఎముకలన్నీ విడగొట్టి బల్ల మీద పేర్చినట్లు.

ఎందుకో తెలుసుకోవడానికి చాలా రోజులు పట్టింది. యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు ఉంది. ఉప్మా అన్న మాటకు లోపల ఐదు సంకేతాలు. కంటికి మాత్రం రెండే అక్షరాలు. ఆ ఐదింటినీ కూర్చి, ఒత్తు కిందికి, దీర్ఘం పక్కకు చేర్చి రెండుగా చూపించే పని ఎవరో చేయాలి. ఇంగ్లీషుకు ఆ పని లేదు. ఒక సంకేతం, ఒక గడి, ఒక అక్షరం. చిన్న ప్రోగ్రాములు రాసేవాళ్ళు ఆ కూర్పు పనిని బరువు కింద లెక్కేసి వదిలేశారు. వాళ్ళ భాషకు అది నిజంగానే బరువు. గ్నోమ్‌లో ఆ పని పాంగో అనే లైబ్రరీ చేస్తుంది. గ్రీకులో పాన్ అంటే అన్నీ, జపనీస్‌లో గో అంటే భాష. అన్ని భాషలూ అని పేరు పెట్టుకున్నది సహజంగానే బరువుగా ఉంటుంది.

మాలో ఇద్దరు పాంగోను డిడబ్ల్యూఎంలో కలపాలన్నారు. ఇద్దరు వద్దన్నారు. వద్దన్నవాళ్ళ మాట తీసిపారేసేది కాదు. "రెండు వేల లైన్లనే కదరా మనం మెచ్చుకున్నది? ప్రింటు తీసి నలుగురం పంచుకుని చదివాం. ఏ లైన్ ఎందుకుందో చెప్పగలం. పాంగో వస్తే దాని వెనక గ్లిబ్, ఫ్రీటైప్, ఫాంట్‌కాన్ఫిగ్, ఇంకా ఏమేమో వస్తాయి. వాటిలో ఒక్క పేజీ అయినా మనం చదవగలమా? చదవని దాన్ని మనది అని ఎలా అంటాం?" ఆ ప్రింటుకు సబ్బులకని దాచుకున్న డబ్బులు పెట్టాం కాబట్టి ఆ మాటకు బలముంది. కలపాలన్నవాళ్ళలో ఒకడు పదో తరగతి దాకా తెలుగు మీడియం, ఇంటర్‌లో ఇంగ్లీషు రాక ఒక సంవత్సరం పోగొట్టుకున్నవాడు. వాడు ఒకటే అన్నాడు. "రెండు మానిటర్లు ఉన్నవాడి కోసం రెండు లైన్లు పెట్టార్రా. నా ఉప్మా కోసం పెట్టకూడదా?" తర్వాత రెండు రోజులు గదిలో ఈ నలుగురికీ మాటల్లేవు. మిగతా ఆరుగురూ కంప్యూటర్‌ను బయట పారేస్తామని బెదిరించారు.

చివరికి ఆ చిన్న ప్రోగ్రాముల వాళ్ళ పద్ధతిలోనే ఒప్పందం కుదిరింది. అసలు ప్రోగ్రాంను ముట్టుకోరు. ఎవరికి ఏది అదనంగా కావాలో అది ప్యాచ్‌గా, అంటే ఏ లైన్ తీసి ఏ లైన్ పెట్టాలో చెప్పే అతుకు ఫైలుగా, విడిగా ఉంచుకుంటారు. మేమూ అలాగే రాద్దాం అనుకున్నాం. అప్పటి వెర్షన్‌లో రాత సంగతి చూసుకునేవి మూడే ఫంక్షన్లు. ఫాంటు తెరిచేది ఒకటి, మాట ఎంత వెడల్పో కొలిచేది ఒకటి, గీసేది ఒకటి. మూడూ మార్చడానికి మాకు రెండు నెలలు పట్టింది. వెడల్పు కొలిచే దానిలో ఒక చిన్న లెక్క తప్పి, కొలత వెయ్యి రెట్లకు పైగా వచ్చి మాటంతా తెర బయటకు పోయేది. పాంగో కొలతలు 1024 వంతుల్లో ఇస్తుందని తెలియక మూడు వారాలు పోయాయి. వద్దన్న ఇద్దరిలో ఒకడే అది పట్టుకున్నాడు.

నవంబర్‌లో ఒక రాత్రి పదకొండు దాటాక పట్టీలో ఉప్మా వచ్చింది. ప కింద మ ఒత్తు సరిగ్గా కూర్చుని ఉంది. వంటమనిషిని లేపి మరీ చూపించాం. ఆయన వంగి చదివి, "రేపు ఉప్మా కాదయ్యా, పులిహోర. మార్చండి" అని వెళ్ళి పడుకున్నాడు.

2011లో ఒక కంపెనీ ఇంటర్వ్యూకు వెళ్ళినప్పుడు మాలో ఆ అతుకు రాసినవాడు దాన్నే తన ప్రాజెక్టుగా చెప్పాడు. కూర్చున్నవారిలో ఒకాయన శ్రద్ధగా విని ఇంగ్లీషులో అడిగారట. గ్నోమ్‌లో, కేడీఈలో తెలుగు ఎప్పటి నుంచో వస్తుంటే మీరు రెండు నెలలు దేనికి కష్టపడ్డారు అని. న్యాయమైన ప్రశ్నే. వాడికి జవాబు తెలుసు గాని ఇంగ్లీషులో గొంతు దాటలేదు. ఉద్యోగం రాలేదు. ఆ రాత్రి గదిలో జవాబు తెలుగులో చెప్పాడు, మేమే విన్నాం. ఉన్న చోటికి మనం వెళ్ళలేం సార్, మా దగ్గర ఉన్నది 256 ఎంబీ. తెలుగు కావాలంటే కొత్త మెషీన్ కొనుక్కో, చిన్న మెషీన్ చాలంటే ఇంగ్లీషులో ఉండు అంటే మేము ఏది ఎంచుకోవాలి?

2024 మార్చి 29 రాత్రి అదే మనిషి, ఇప్పుడు హైదరాబాదులో సర్వర్లు చూసుకుంటున్నవాడు, వద్దన్నవాడికి ఫోన్ చేశాడు. ఆ రోజు ఎక్స్‌జెడ్ వ్యవహారం బయటపడింది. ఎక్స్‌జెడ్ అంటే ఫైళ్ళను కుదించే చిన్న సాధనం. దాన్ని దాదాపు ఒక్క మనిషే సంవత్సరాల తరబడి నడుపుకొస్తుంటే, మారుపేరుతో ఒకరు సాయం చేస్తానని చేరి, రెండేళ్ళకు పైగా నమ్మకం సంపాదించి, 5.6.0, 5.6.1 వెర్షన్లలో దొంగదారి పెట్టారు. దూరం నుంచి సర్వర్‌లోకి లాగిన్ అయ్యే ఓపెన్ఎస్ఎస్‌హెచ్‌లోకి ఆ దారి. విచిత్రమేమిటంటే అసలు ఓపెన్ఎస్ఎస్‌హెచ్‌కు ఎక్స్‌జెడ్‌తో సంబంధమే లేదు. కొన్ని లైనక్స్ పంపిణీలు సౌకర్యం కోసం దానికి సిస్టండీ లైబ్రరీ కలిపాయి, ఆ లైబ్రరీ వెనక ఎక్స్‌జెడ్ లైబ్రరీ వచ్చింది. పెళ్ళికొడుకు వెనక బస్సే మళ్ళీ. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు, లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందేమిటని ఆరా తీసి పట్టుకున్నాడు. లేకపోతే ప్రపంచమంతా పాకేది.

"నువ్వు చెప్పింది ఇదే కదరా" అన్నాడు మావాడు, తెల్లవార్లూ వెర్షన్లు చూసి అలసిపోయిన గొంతుతో. పదిహేనేళ్ళ తర్వాత ఒప్పుకున్నాడు. అవతలివాడు గెలిచానని సంబరపడలేదు. కాసేపు ఆగి, "నా దగ్గర ఇంకా మన అతుకుతో ఉన్న డిడబ్ల్యూఎమ్మే ఉంది. తీయలేదు" అన్నాడు. ఎందుకు తీయలేదని అడిగితే, "8 కోట్ల మందికి పైగా మాట్లాడే భాష అదనపు బరువెలా అవుతుందిరా" అన్నాడు. అంటే పోట్లాటలో ఇద్దరూ అటుదిటు ఇటుదటు మారారన్నమాట. మిగతా ఇద్దరం ఎవరి పక్షమో మాకే తెలియడం లేదు.

ఒకటి మాత్రం చెప్పాలి. మా అతుకు ఇప్పటి డిడబ్ల్యూఎంకు అతకదు. 2015లో వచ్చిన 6.1తో రాత గీసే పని వేరే ఫైలుకు మారింది. ఎస్‌టీ అని అదే బాపతు చిన్న టెర్మినల్ ఉంది, అందులోనూ తెలుగు దానంతటది కూర్చుకోదు. మళ్ళీ ఎవరో రాయాలి. మొన్న హాస్టల్‌కు వచ్చినప్పుడు చూశాం, ఆరో నెంబరు గదిలోనే ముగ్గురి దగ్గర ల్యాప్‌టాప్‌లున్నాయి. వాటిలో ఒకటి స్క్రీన్ పగిలినది, ఒకటి 2 జీబీ ర్యామ్‌తో మూలుగుతున్నది. ఆ రెండోదాని యజమాని మాకు కావాలి. సంక్రాంతి సెలవుల్లో రెండు రోజులు నలుగురం ఊళ్ళోనే ఉంటాం. పాత అతుకు ఫైలు, నలిగిపోయిన ఆ ప్రింటు కాగితాలు తెస్తాం. వాటిలో పదకొండో పేజీ లేదు, దాని మీద ఎవరో పకోడీలు తిన్నారు. సి కొంచెం వస్తే చాలు, రాకపోయినా రండి. మౌస్ తేనక్కర్లేదు.

- ఆరో నెంబరు గది పూర్వ విద్యార్థులు